పేరు, ఊరు, తేదీ



ఘటోత్కచుడు పెళ్ళివంటల ముందు కూర్చున్న దృశ్యం ఎట్లా ఉంటుందని అడిగితే మా కల్హేర్‌లో బడికి పోయే పిల్లలు కూడా చేతులు తిప్పుతూ చెప్పేస్తారు. పళ్ళేలు వాటంతటవే జరిగి రావడం, లడ్డూలు ఎగిరొచ్చి నోట్లో పడటం, ఎస్.వి. రంగారావు గారి బుగ్గలు ఉబ్బి మీసాలు కదలటం, వెనక మాధవపెద్ది సత్యం గారి గొంతు. ఆ సినిమా, 'మాయాబజార్', 1957 మార్చి 27న వచ్చింది. అప్పటికి ఈ పిల్లల తాతలే చిన్నపిల్లలు. దర్శకుడు కె.వి. రెడ్డి గారు, కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే గారు పోయి దశాబ్దాలైంది. అయినా ఆ నవ్వు నిన్న నవ్వినట్టే ఉంది. 2010 జనవరిలో అదే సినిమా రంగులద్దుకుని మళ్ళీ థియేటర్లకు వచ్చిందంటే, రంగులద్దటానికి పాత బొమ్మ ఎక్కడో భద్రంగా ఉంది గనకనే.

అదే పిల్లల్ని, పోనీ వాళ్ళ తాతల్ని, తెలుగులో మొట్టమొదటి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద' లో ఒక్క దృశ్యం చెప్పమనండి. స్తంభం పగిలి నరసింహుడు వచ్చిన ఘట్టం ఎట్లా తీశారో, ప్రహ్లాదుడిగా వేసిన సింధూరి కృష్ణారావు అప్పుడు ఎటు చూశాడో, లీలావతిగా వేసిన సురభి కమలాబాయి ఎట్లా ఏడ్చిందో చెప్పగలవాళ్ళు ఇప్పుడు భూమ్మీద ఎవరూ లేరు. ఆ సినిమా చూసినవాళ్ళు పోయారు. చూడటానికి ఒక్క ప్రతి కూడా మిగల్లేదు. హెచ్.ఎం. రెడ్డి గారి దర్శకత్వంలో, అర్దెషిర్ ఇరానీ గారి నిర్మాణంలో బొంబాయిలో తీసిన ఆ సినిమాలో ఒక చిన్న వేషం వేసిన కుర్రవాడే తర్వాత ఎల్.వి. ప్రసాద్ గారయ్యారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి నాటకం, సురభి వాళ్ళ నటన, మొదటిసారి సినిమా అంతా తెలుగు మాటే మోగిన క్షణం. ఇన్నీ కలిసిన వస్తువు పోయింది.

వస్తువుతో పాటు దాని తేదీ కూడా పోయింది. దశాబ్దాల తరబడి మనం తెలుగు టాకీ పుట్టినరోజు 1931 సెప్టెంబరు 15 అని రాసుకున్నాం, సభలు పెట్టుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ గారు ఓపిగ్గా పాత పత్రికలు, సెన్సారు రికార్డులు వెతికితే తేలిందేమిటి? ఆ సినిమా విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. మన సినిమాకు మనమే పుట్టినరోజు తప్పుగా చేశాం. ఒక్క రీలు మిగిలినా, ఒక్క డబ్బా మీద ఒక్క కాగితం అంటించి ఉన్నా ఆ వెతుకులాట అవసరం ఉండేది కాదు. నేను ఇవాళ మాట్లాడదలచుకున్నది ఈ సంగతే. తెర మీది బొమ్మ, రేడియోలో గొంతు, టీవీలో ముఖం మనకు ఎట్లా మిగిలాయి, ఎట్లా పోయాయి, ఇప్పుడు మన ఊళ్ళల్లో ఏం చేయాలి.

రీళ్ళు ఎట్లా పోయాయో తెలుసుకుంటే బాధ వేస్తుంది. పాతకాలపు ఫిల్ము నైట్రేటు మీద తయారయ్యేది. దానికి ఇట్టే మంటలంటుకుంటాయి. పుణేలోని జాతీయ ఫిల్ము ఆర్కైవ్‌లోనే 2003 జనవరిలో మంటలు లేచి ఎన్నో పాత నైట్రేటు రీళ్ళు కాలిపోయాయి. నిప్పు తప్పించుకున్నవాటికి ఇంకో గండం ఉండేది. నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ కట్టేది వెండి రజనుతో. సినిమా ఆడటం అయిపోయాక ఆ రీళ్ళను కడిగి వెండి తీసి అమ్ముకునేవాళ్ళు. మన దేశపు తొలి టాకీ, 1931 మార్చి 14న వచ్చిన 'ఆలం ఆరా', తీసింది కూడా ఆ ఇరానీ గారే. 1964లో మొదలైన పుణే ఆర్కైవ్‌ను నిలబెట్టిన పి.కె. నాయర్ గారు ఆ రీళ్ళ కోసం ఇరానీ గారి కుటుంబాన్ని అడిగితే, వెండి కోసం వాటిని ఎప్పుడో కరిగించేశామని కొడుకు చెప్పారట. దేశం మొదటిసారి మాట్లాడిన బొమ్మ అట్లా పోయింది. మూకీల కాలంలో మన దేశంలో 1,300కు పైగా సినిమాలు తయారైతే, ఇప్పుడు చూడటానికి దొరికేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, అందులోనూ చాలావరకు ముక్కలు.

తెలుగువాళ్ళ మూకీలదీ అదే దారి. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు గారు మద్రాసులో థియేటర్ కట్టి, కొడుకు ప్రకాశ్‌ను సినిమా చదువుకు లండన్ పంపి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీయించారు. అది లేదు. మన హైదరాబాద్ మూకీల సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. 1922 ప్రాంతంలో కలకత్తా నుంచి ధీరేన్ గంగూలీ అనే ఆయన వచ్చి నిజాం ఆశ్రయంలో లోటస్ ఫిల్ము కంపెనీ పెట్టి, ఇక్కడే వరసగా సినిమాలు తీశాడు. 1924లో ఆయన తన థియేటర్‌లో 'రజియా బేగం' అనే బొంబాయి సినిమా ఆడించాడు. అందులో ముస్లిం రాణికీ హిందువుకూ మధ్య ప్రేమ ఉందని నిజాంకు కోపం వచ్చి, వెంటనే రాజ్యం విడిచి పొమ్మన్నారు. ఆయనా పోయాడు, హైదరాబాద్‌లో సినిమా తీసే పనీ ఆయనతో పోయింది. ఆ నాలుగు రోజుల్లో ఆ కెమెరా ముందు నిలబడ్డ హైదరాబాద్ వీధులు, కోటలు, ముఖాలు ఎట్లా ఉండేవో! తలచుకుంటే ఇప్పటికీ మనసు ఆగదు.

ఇక గొంతు సంగతి. మా కల్హేర్ ఉన్న నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు విడదీసి కలిపినప్పుడు మెదక్ జిల్లాకు వచ్చింది, 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. అందుకే మా దిక్కు ఒక్క ఇంట్లో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. తండాల్లో లంబాడీ మాట వేరే. ఈ ప్రాంతమంతా నిజాం ఏలుబడి కింద ఉన్నప్పుడు రాజ్యం గొంతు దక్కన్ రేడియో. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న యుద్ధం ఆగింది. ఆ సాయంత్రం నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దక్కన్ రేడియోలో మాట్లాడి లొంగుబాటు ప్రకటించారు. ఏడు తరాల అసఫ్‌జాహీ పాలన ముగిసిన సంగతి ప్రజలకు చేరింది ఒక రేడియో గొంతు ద్వారా. తెలంగాణ చరిత్రలో రేడియో అంతటి బరువు మోసిన రోజు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఆ రోజు గురించి మనకు గుర్తున్నది మాత్రం గొంతు కాదు, ఒక ఫొటో. బేగంపేట విమానాశ్రయంలో నిజాం సర్దార్ పటేల్‌కు చేతులు జోడించి నమస్కరిస్తున్న ఫొటో. ప్రతి సెప్టెంబరులో ఇది ఫోన్లలో తిరుగుతుంది, సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయిన దృశ్యం అని కింద రాసి ఉంటుంది. పటేల్ గారు హైదరాబాద్ వచ్చింది 1949 ఫిబ్రవరిలో. అంటే సైనిక చర్య అయిన ఐదు నెలల తర్వాత. ఆ ఫొటోలో ఉన్నది ఉప ప్రధానిని ఆహ్వానించటానికి వచ్చిన నిజాం. చూసే కన్ను ఒకటే, తేదీ మారితే అర్థం మొత్తం మారిపోతుంది. బొమ్మ పోవటం ఒక నష్టం. బొమ్మ ఉండి దాని తేదీ పోవటం రెండో నష్టం. రెండోది ఎవరికీ కనపడదు, అందుకే నాకు దాని భయం ఎక్కువ.

పోయినవి చెప్పాను, ఇక మిగిలినవాటికి వస్తాను. మెదక్ నేల నిండుగా తెర మీదికి వచ్చిన దృశ్యం చెప్పమంటే నేను 'మా భూమి' చెప్తాను. 1980 మార్చిలో వచ్చింది. గజ్వేల్ పక్కన ప్రజ్ఞాపూర్‌లో పుట్టిన బి. నర్సింగరావు గారు, జి. రవీంద్రనాథ్ గారితో కలిసి తీశారు. దర్శకుడు గౌతం ఘోష్, బెంగాల్ నుంచి వచ్చిన యువకుడు. కథకు మూలం కిషన్ చందర్ గారి ఉర్దూ నవల. బెంగాలీ దర్శకుడు, ఉర్దూ కథ, తెలంగాణ మాట. మెదక్ జిల్లా పల్లెల్లో, నిజమైన గడీల్లో, నిజమైన రైతుల మధ్య తీశారు. రామయ్యగా సాయిచంద్ ముఖం, దొర కన్ను పడిన లంబాడీ పిల్ల చంద్రి కథ, వెట్టి బరువుకు వంగిన నడుములు, అన్నీ నలుపు తెలుపులో.

అందులో ఒక పాట వస్తుంది. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి గారు నిజాం మీద కట్టిన పాట. భుజాన గొంగడి, చేతిలో కర్రతో ఒకాయన నిలబడి పాడతాడు. చుట్టూ జనం. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, అంటే మన గద్దర్. ఆ దృశ్యంలో స్టూడియో సెట్టు లేదు, పౌడరు రాసిన ముఖం లేదు, గొంతులో సినిమా వాసన లేదు. పొలం గట్టు మీద పాడినట్టు పాడాడు. తెలుగు సినిమాలో తెలంగాణ మాటను అప్పటిదాకా నవ్వించటానికి, నౌకరు వేషాలకు వాడారు. ఆ పాట విన్న రోజు మా పల్లెల వాళ్ళకు తమ నాలుక తెర మీద నెత్తురుతో, గౌరవంతో వినిపించింది. గద్దర్ గారు 2023 ఆగస్టు 6న పోయారు. ఆ గొంగడి, ఆ అడుగు, ఆ ముప్పైఏళ్ళ ముఖం ఇంకా ఉన్నాయి. పాట కట్టిన యాదగిరి గారి గొంతు మాత్రం మనకు లేదు. ఆయన పాడుతుంటే ఎట్లా ఉండేదో, ఎక్కడ ఆపేవాడో, ఎక్కడ గొంతు పెంచేవాడో తెలియదు. సినిమా ఒక పాటను కాపాడింది, దాని మొదటి గొంతును కాపాడలేకపోయింది.

'మా భూమి' కంటే ముందు, 1974లో, అల్వాల్‌లో పెరిగిన శ్యాం బెనెగల్ గారు హైదరాబాద్ దగ్గరి పల్లెలో 'అంకుర్' తీశారు. షబానా ఆజ్మీకి అది మొదటి సినిమా. చివర ఒక పిల్లవాడు భూస్వామి కిటికీ మీదికి రాయి విసురుతాడు, తెర మొత్తం ఎర్రబడుతుంది. పెద్ద పెద్ద ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ ఒక్క రాయి చెప్పింది.

టీవీ విషయానికి వస్తే ఒక సంగతి గుర్తు చేయాలి. మన పల్లెలకు టీవీ పట్నాల కంటే ముందే వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఇస్రో, అమెరికా నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు నేరుగా టీవీ చూపించింది. అందులో మన రాష్ట్రపు పల్లెలున్నాయి. సైట్ అని పిలిచేవాళ్ళు. కోళ్ళ జాలీ లాంటి వలతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నా, బడి వసారాలో ఒక టీవీ పెట్టె, దాని ముందు ఊరంతా. వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించి తెలుగులో మాట్లాడిన కార్యక్రమాలు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం పూర్తిస్థాయిలో మొదలైంది ఆ తర్వాత, 1977 అక్టోబరులో. తెలుగు వార్తలు మొదలైంది ఇంకా ఆరేళ్ళకు, 1983 నవంబరు 14న. శాంతిస్వరూప్ గారు మొదటిసారి తెర మీద కూర్చుని తెలుగులో వార్తలు చదివారు. అప్పుడు టెలిప్రాంప్టర్ లేదు. కాగితం వైపు చూడకుండా మన వైపు చూసి చెప్పాలంటే బట్టీ పట్టాల్సిందే. ఆయన పట్టారు. ఆ తొణకని ముఖం చూస్తూ పెరిగిన తరం 2024 ఏప్రిల్‌లో ఆయన పోయినప్పుడు సొంత మనిషి పోయినట్టు బాధపడింది.

ఇట్లాంటివి ఎన్ని మిగిలాయి? టేపు ఖరీదైన రోజుల్లో ప్రపంచమంతటా టీవీ సంస్థలు ఒక కార్యక్రమం అయిపోగానే అదే టేపు మీద ఇంకోటి రికార్డు చేశాయి. బీబీసీ చేసింది. నాసా అంతటి సంస్థ చేసింది. 1969 జులైలో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన బొమ్మలు భూమికి చేరింది ఆస్ట్రేలియాలోని హనీసకిల్ క్రీక్, పార్క్స్ కేంద్రాల ద్వారా. ప్రపంచం చూసింది వాటిని మార్చి పంపిన మసక బొమ్మ. అక్కడ నేరుగా పట్టిన స్పష్టమైన బొమ్మల అసలు టేపుల కోసం దశాబ్దాల తర్వాత వెతికితే, అవి బహుశా చెరిపేసి మళ్ళీ వాడిన టేపుల్లో కలిసిపోయాయని 2009లో తేల్చారు. మానవజాతి మొత్తం చూసిన దృశ్యానికే ఆ గతి పట్టిందంటే మన పల్లెల సంగతి వేరే చెప్పాలా?

ఆస్ట్రేలియా పేరు వచ్చింది గనక వాళ్ళ రెండు సంగతులు చెప్తాను. నేను ఈ ప్రసంగానికి సిద్ధపడుతుంటే నన్ను ఎక్కువగా పట్టి ఆపినవి అవే. 1906 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 'ది స్టోరీ ఆఫ్ ది కెల్లీ గ్యాంగ్' అనే సినిమా ఆడింది. అది నెడ్ కెల్లీ అనే దొంగ కథ. అతడు ఒంటి మీద సొంతంగా చేయించుకున్న ఇనుప కవచం తొడిగి పోలీసుల తుపాకులకు ఎదురు నడిచాడు. వాళ్ళ జానపదంలో అతడిది మన సర్వాయి పాపన్న స్థానం. గంటకు పైగా నడిచే ఆ సినిమాను ప్రపంచపు తొలి పూర్తినిడివి కథాచిత్రంగా చెప్తారు. దాన్నీ పోగొట్టుకున్నారు. తర్వాత ముక్కలు ముక్కలుగా దొరికింది. ఒక ముక్క చెత్తకుప్పలో దొరికింది. ఇంకో ముక్క ఇంగ్లండ్‌లో. అన్నీ అతికిస్తే పదిహేడు నిమిషాలు. కవచం తొడిగిన కెల్లీ తుపాకీ కాలుస్తూ ముందుకొచ్చి కూలిపోయే దృశ్యం ఉంది. 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. వాళ్ళకు జాతీయ ఫిల్ము, ధ్వని భాండాగారం అని కాన్‌బెరాలో ఒక సంస్థ ఉంది. 1980ల్లో దేశమంతటా తిరిగి, ఎవరింటి కొట్టాల్లో పాత నైట్రేటు ఫిల్ము ఉన్నా ఇవ్వమని వెతికించారు. సినిమానూ గొంతునూ ఒకే కప్పు కింద ఉంచటం నాకు చాలా నచ్చింది. మన దగ్గర సినిమా పుణేలో, రేడియో ఆకాశవాణి దగ్గర, గ్రామఫోను ప్లేట్లు ఎవరో అభిమానుల అల్మారాల్లో.

రెండోది ఒక ముసలమ్మ గొంతు. ఫ్యానీ కోక్రేన్ స్మిత్. టాస్మేనియా దీవి ఆదివాసి మహిళ. తెల్లవాళ్ళు వచ్చాక ఆ జనం చెదిరి, నలిగి, భాష మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరే పోతుంటే, 1899లోనూ 1903లోనూ మైనపు సిలిండర్ల మీద ఆమె పాటలు రికార్డు చేశారు. ఆ దీవి ఆదివాసుల భాషలో పాటలు వినటానికి లోకానికి మిగిలింది ఆ సిలిండర్లే. ఆమె పాడి ఊరుకోలేదు. తన పేరు చెప్పింది, పుట్టిన దీవి పేరు చెప్పింది, తాను ఎవరి మనిషో చెప్పింది. అందుకే నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ మైనం మీద ఉన్నది ఎవరి గొంతో ఎవరూ ఊహించాల్సిన పని లేదు. 1905లో ఆమె పోయింది. ఆ ఆదివాసుల సంతతివాళ్ళు ఇవాళ ఆ పాటలు వింటూ పోయిన భాషను మళ్ళీ పోగు చేసుకుంటున్నారు.

ఇట్లాంటి పని మన దగ్గర ఎవరు చేశారని వెతుక్కుంటే, జవాబు మన జిల్లాలోనే ఉంది. జహీరాబాద్ దిక్కున ఝరాసంగం మండలం మాచనూరు. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని సంఘం మహిళలు, చాలామంది దళిత మహిళలు, 2008 అక్టోబరు 15న అక్కడ 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలుపెట్టారు. నడిపింది ఇద్దరు నర్సమ్మలు. ఒకరిని జనరల్ నర్సమ్మ అంటారు, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. మన దేశంలో స్వచ్ఛంద సంస్థ నడిపిన తొలి గ్రామీణ కమ్యూనిటీ రేడియో అది. ప్రారంభించటానికి జస్టిస్ పి.బి. సావంత్ గారు వచ్చారు. ఆకాశంలోని తరంగాలు ప్రజల సొత్తు అని 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఆయన ఉన్నారు, మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారూ ఉన్నారు. దేశంలో రేడియో మీద సర్కారు తాళం తీసిన తీర్పు అది. ఆ తాళం తీసిన చేతి ముందే మాచనూరు మహిళలు మైకు పట్టుకున్నారు.

అనుమతి రాకముందు వీళ్ళు ఊరికే కూర్చోలేదు. 1990ల చివరి నుంచే టేపు రికార్డర్లు పట్టుకుని ఊరూరూ తిరిగారు. ప్రసారం చేసే వీలు లేదు గనక, క్యాసెట్లు సంఘం మీటింగుల్లో వేసి వినిపించుకున్నారు. కొర్రలు, సామలు, పచ్చజొన్నలు ఎప్పుడు చల్లాలి, విత్తనం బూడిదలో, వేపాకుల్లో ఎట్లా దాచాలి, నాట్లు వేసేటప్పుడు పాడేదేమిటి, ఇసుర్రాయి తిప్పేటప్పుడు పాడేదేమిటి. చదువు రాని అవ్వ చెప్పింది చెప్పినట్టు, ఆమె యాసలోనే. వెనక ఉండి వీళ్ళకు ధైర్యం చెప్పిన పి.వి. సతీష్ గారు అంతకుముందు దూరదర్శన్‌లో పని చేసిన మనిషి, సైట్ కార్యక్రమాలు తయారు చేసిన మనిషి. పల్లెకు పట్నం నుంచి టీవీ పంపిన ఆయనే, తర్వాత పల్లె చేతికే మైకు ఇచ్చారు. ఆయన 2023 మార్చిలో కన్నుమూశారు. నా దృష్టిలో మన తెలుగు ధ్వని చరిత్రలో దక్కన్ రేడియో లొంగుబాటు ప్రసంగం పక్కన పెట్టాల్సిన ఇంకో క్షణం మాచనూరులో మొదటి సాయంత్రం ఆ మహిళల గొంతు గాలిలోకి పోవటం. ఒకటి ఏలినవాడు దిగిపోయిన గొంతు. రెండోది ఎన్నడూ ఎవరూ మైకు ఇవ్వనివాళ్ళు మాట్లాడిన గొంతు.

మాచనూరు తరంగం చుట్టుపక్కల పాతిక కిలోమీటర్ల దాకా పోతుంది. మా కల్హేర్ దాకా రాదు. కానీ రికార్డు చేసే పని రావటానికి తరంగం అక్కర్లేదు. మాచనూరు వాళ్ళు క్యాసెట్ల మీద కష్టపడి చేసింది ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్న ఫోను చేస్తుంది. నల్లవాగు ప్రాజెక్టు కింద వరి నాటిన ఆడవాళ్ళ పాటలున్నాయి. తండాల్లో తీజ్ పండుగకు ఆడపిల్లలు మొలకల బుట్టల చుట్టూ పాడే పాటలున్నాయి. బసవన్న వచనాలు కన్నడంలో చెప్పే పెద్దలున్నారు, ఏకాదశికి పండరి భజన మరాఠీలో చేసేవాళ్ళున్నారు, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పల్లవి ఎత్తుకునే అవ్వలున్నారు. ఒక్క మండలంలో ఇన్ని భాషల పాట ఉండటం చిన్న సంగతి కాదు. ఏ సినిమావాళ్ళూ దీన్ని తీయరు, ఏ సంస్థా ఇంటికొచ్చి అడగదు.

ఎట్లా చేయాలో రెండు మాటలు చెప్తాను. రికార్డు బటన్ నొక్కగానే ముందు పాట పాడించకండి. ముందు ఆమె చేత పేరు చెప్పించండి, ఏ ఊరి ఆడబిడ్డో, ఏ ఊరి కోడలో చెప్పించండి. ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో అడగండి. తేదీ మీరు చెప్పండి. ఇరవై సెకన్ల పని. ఫ్యాను ఆపేయండి, టీవీ ఆపేయండి, ఫోను ఆమె చేతికి ఇవ్వకుండా మూరెడు దూరంలో మెత్తటి బట్ట మీద పెట్టండి. మధ్యలో ఆమె మరిచిపోయి ఆగినా, నవ్వినా, పక్కింటామెను అడిగినా కోసేయొద్దు, అదీ పాటలో భాగమే. ఆమె ఎవరికి వినిపించొద్దంటే వాళ్ళకు వినిపించొద్దు. దీన్ని వాట్సాప్‌లో పంపి ఊరుకోకండి, అక్కడ ధ్వని నాణ్యత తగ్గిపోతుంది. అసలు ఫైలును కంప్యూటర్‌లో ఒకటి, వేరే ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచండి. రెండేళ్ళకోసారి కొత్త పెన్‌డ్రైవ్‌లోకి మార్చండి.

పాత పెళ్ళి వీడియో క్యాసెట్లు ట్రంకు పెట్టెల్లో ఉంటే బయటకు తీయండి. అందులో పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఉన్నట్టే, ఇప్పుడు లేని ముసలివాళ్ళు కూడా ఉన్నారు, ఇప్పుడు కూలిపోయిన ఇళ్ళున్నాయి, పందిట్లో ఎవరో పాడిన పాట ఉంది. బూజు పట్టినదాన్ని ప్లేయర్‌లో పెట్టి తిప్పకండి, టేపు తెగుతుంది. సంగారెడ్డిలోనో హైదరాబాద్‌లోనో తెలిసిన వీడియో షాపులో శుభ్రం చేయించి మార్పించండి. మార్చాక అసలు క్యాసెట్ పారేయకండి. ఫొటోల వెనక పెన్నుతో గట్టిగా రాయకండి, మెత్తటి పెన్సిల్‌తో ఎవరెవరో ఎడమ నుంచి కుడికి రాయండి. ఆ పేర్లు తెలిసినవాళ్ళు మీ ఇంట్లో ఒక్కరే మిగిలి ఉండొచ్చు.

దసరా దాకా ఆగనక్కర్లేదు, బతుకమ్మ పేర్చే రోజు కోసం చూడనక్కర్లేదు. మీ ఇంట్లో పాట తెలిసిన అవ్వ ఉంటే ఈ ప్రసంగం అయిపోగానే రేడియో కట్టేసి ఆమె పక్కన కూర్చోండి. పేరు అడగండి, ఊరు అడగండి, ఫోను దగ్గర పెట్టండి.